డైనమో దీపమా, ఛార్జింగు దీపమా: ఆరేళ్ల వాడకం తరువాత

బెంగళూరులో మారతహళ్లి నుండి కోరమంగళకు సైకిలు మీద ఉద్యోగానికి వెళ్లిరావడం మొదలుపెట్టి నాకు ఆరేళ్లయింది. రానుపోను సుమారు 22 కిలోమీటర్లు ఉంటుంది. ఉదయం వెలుతురులోనే వెళతాను గానీ, ఇంటికి చేరేసరికి దాదాపు ఏడాది పొడవునా చీకటి పడుతుంది. మొదటి మూడేళ్లు ఛార్జింగు దీపంతోనూ, తరువాతి మూడేళ్లు ముందు చక్రపు హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, ఇమిడి ఉండే డైనమోతోనూ తిరిగాను.

ఛార్జింగు దీపం వెలుతురు విషయంలో నన్నెప్పుడూ నిరాశపరచలేదు. 18650 రకం లిథియం సెల్లులు రెండు ఉన్న ఆ దీపం కొత్తలో మధ్యస్థాయి వెలుతురుతో మూడు గంటలు నిలిచేది, మూడో ఏడు వచ్చేసరికి అది గంటన్నరకు పడిపోయింది. వాడినా వాడకపోయినా వయసుతో పాటు, వేడితో పాటు ఈ సెల్లుల సత్తువ తగ్గుతుందని తెలిసినా, రెండు రోజులకోసారి ఛార్జింగు పెట్టాల్సి వచ్చినప్పుడు గానీ నాకది తలకెక్కలేదు. అసలు చిక్కు నా మతిమరుపు. దొమ్మలూరు దగ్గరి ఇన్నర్ రింగు రోడ్డులో సైనిక స్థలాల గోడ వెంబడి, వీధిదీపాలు పలచగా ఉన్న చోట, ఒక జూలై రాత్రి వానలో దీపం ఆరిపోతే కిలోమీటరు దూరం సైకిలు నడిపించుకుంటూ పోయాను. దీనికి తోడు, ఎక్కడ ఆపినా దాన్ని ఊడదీసి సంచిలో వేసుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చేసరికి ఉండదు.

డైనమో అనగానే మా నాన్నగారి సైకిలుకు ఉన్న సీసా ఆకారపు డైనమో గుర్తొచ్చి, టైరును ఒరుసుకుంటూ గుయ్యిమనే ఆ బరువును మళ్లీ తొక్కాలా అని మొదట వెనుకాడాను. హబ్బు డైనమో తీరు వేరు. చక్రంతో పాటు లోపలి అయస్కాంతాలు తీగచుట్ట చుట్టూ తిరుగుతాయి, టైరుతో రాపిడి ఉండదు కనుక వానలో జారదు. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో 6 వోల్టుల వద్ద 3 వాట్లు ఇస్తుంది. ఆ వేగంలో అందుకు మనం అదనంగా పెట్టే శక్తి సుమారు ఐదు వాట్లే. హెచ్.ఎ.ఎల్. విమానాల కర్మాగారం దగ్గరి ఎదురుగాలిలో కూడా దీపం వెలుగుతోందో లేదో కాళ్లకు తెలియలేదు. దీనికి జోడించిన దీపం జర్మనీ రహదారి నిబంధనలకు తగ్గట్టు చేసినది, వెలుతురుకు పైఅంచు కోసినట్టు ఉంటుంది కాబట్టి ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడదు. మనవాళ్లు హైబీములు దించకపోయినా మన దీపమైనా మర్యాదగా ఉంటుంది.

బిగించడం మాత్రం తేలిక కాదు. పాత రిమ్ములోకి కొత్త హబ్బుకు స్పోకులు అల్లించాలి. మదనపల్లె నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్కు ఒకాయన, "ఇన్ని డబ్బులు దీపానికా సార్, సగానికి ఇంకో సైకిలు వచ్చేది కదా" అంటూనే రెండు సాయంత్రాలు కూర్చుని చక్రం సరిచేసి ఇచ్చారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. తరువాత మూడేళ్లలో వచ్చిన మరమ్మతు ఒక్కటే: పంక్చరు కోసం చక్రం తీస్తూ తీగ విప్పడం మరచిపోయి ఫోర్కు దగ్గర తెంపుకున్నాను.

డైనమోలో నాకు నచ్చనిది నెమ్మదిగా పోయేటప్పుడు బయటపడుతుంది. ట్రాఫిక్కులో నడకవేగానికి దిగితే వెలుతురు వణుకుతుంది; ఆగినప్పుడు దీపం లోపల విద్యుత్తును కాసేపు దాచుకునే కెపాసిటరు కొన్ని నిమిషాలు సన్నని వెలుగు నిలుపుతుంది, అది మనం ఇతరులకు కనబడడానికే తప్ప మనకు దారి కనబడడానికి చాలదు. గుంతలున్న చోటనే నెమ్మదించాలి, నెమ్మదిస్తే గుంత కనబడదు. ఎజిపుర దగ్గర వాననీరు నిలిచిన రోజుల్లో ఇది చిన్న లోపం కాదు. అందుకే పాత ఛార్జింగు దీపంలో సెల్లులు మార్పించి హ్యాండిలుకు మళ్లీ తగిలించాను. సెల్లులు విడిగా మార్చుకునే వీలు లేని దీపమైతే అది అప్పటికే చెత్తబుట్టలో ఉండేది, కాబట్టి కొనేవారు మొదట సెల్లుల మూతనే విప్పి చూసుకోవాలి. నెమ్మదించినప్పుడు మాత్రమే దాన్ని వెలిగిస్తాను గనుక, ఇప్పుడు రెండు వారాలకోసారి ఛార్జింగు పెడితే సరిపోతోంది.