జంటగా సైక్లింగ్: రెండు గేర్ సైకిళ్లా, ఒకటి ఎలక్ట్రికా, ట్యాండెమా?

భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే సైక్లింగ్ మొదలుపెడదామనుకుంటారు. ఒకరు ఇరవై కిలోమీటర్లు సునాయాసంగా తొక్కేస్తారు, ఇంకొకరికి మూడో కిలోమీటరుకే ఆయాసం. ఏ సైకిళ్లు కొనాలని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. వాళ్లు అడిగేది ధర, బ్రాండ్ గురించి. నేను ముందు చూసేది మాత్రం ఇద్దరి దమ్ములో తేడా ఎంతుందని.

ఏదైనా ఫ్లైఓవర్ దగ్గర గమనించండి. వేగంగా తొక్కేవాళ్లు పైకెక్కి, కాలు కింద పెట్టి, నీళ్లు తాగి నిలబడతారు. వెనకవాళ్లు రొప్పుతూ చేరుకోగానే "ఇక పదా" అంటారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్లకు అది దొరికింది, కావాల్సినవాళ్లకు దొరకలేదు. ఇలా నాలుగు వారాలు సాగితే రెండో సైకిల్ మూలన పడుతుంది. దమ్ము పెరగాలంటే మొదటి రెండు మూడు నెలలు మాట్లాడుతూనే ఎక్కువసేపు ఆగకుండా తొక్కగలిగే వేగంలోనే సాగాలి. రోజూ ఎగరొప్పుతూ వెంటపడితే అలసటే మిగులుతుంది.

ఆ తేడా ఓ మోస్తరుగా ఉంటే నా ఓటు రెండు గేర్ సైకిళ్లకే. కాకపోతే తొక్కే పద్ధతి మారాలి. ఎత్తు ఎక్కేటప్పుడు నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందుండాలి, వేగం వాళ్లదే. ఎదురుగాలి ఉంటే క్రమం తిరగబడాలి: బలమున్నవాళ్లు ముందుండి గాలిని కాచుకుంటే వెనకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. మరీ చక్రానికి చక్రం ఆనించకుండా, ఒక సైకిల్ పొడవు ఎడం ఉంచుకోండి. నీళ్ల సీసాలు, తాళం, పంపు, స్పేర్ ట్యూబు అన్నీ బలమున్నవాళ్ల సైకిల్ మీదికే. బరువైన గేరులో కాళ్లు బిగబట్టి తొక్కొద్దు. పెడల్ నిమిషానికి 70–80 సార్లు తిరిగే తేలిక గేరు ఎంచుకోండి. ఈ ఒక్క కారణంతోనే గేర్లు మార్చడానికి వీల్లేని సింగిల్ స్పీడ్ సైకిల్ వద్దంటాను.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో ప్రారంభమైన, సోలార్ ప్యానెళ్ల పైకప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద కార్లు, బైకుల టెన్షన్ ఉండదు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు బయల్దేరాక, వేగంగా తొక్కేవాళ్లు కిలోమీటరు ముందుకెళ్లి వెనక్కి వచ్చి జతకలవచ్చు, మళ్లీ వెళ్లవచ్చు. ఇద్దరికీ తగినంత శ్రమ, ఎవరూ ఎవరికోసం నిలబడరు.

తేడా మరీ ఎక్కువైతే, లేదా ఒకరికి మోకాళ్ల ఇబ్బంది ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్ మంచి దారి. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటనివాటికి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మోటారు ఎప్పుడు సాయం చేయాలో చెప్పే సెన్సర్ ఏ రకమో కొనేముందు తప్పకుండా అడగండి. చౌక మోడళ్లలో పెడల్ తిరిగితే చాలు, కాలు ఎంత నొక్కిందో పట్టించుకోకుండా మోటారు లాగేస్తుంది. అలా ఎంత దూరం వెళ్లినా దమ్ము పెరగదు. టార్క్ సెన్సర్ ఉంటే మీరు నొక్కినదాన్ని బట్టే సాయం వస్తుంది. ధర ఎక్కువే, అయినా వ్యాయామం కోసమైతే అదే తీసుకోమంటాను. సమతలంలో సాయం ఆపేసి, ఎత్తుల్లో మాత్రమే వాడుతూ, అలవాటయ్యేకొద్దీ ఒక్కో స్థాయి తగ్గించుకుంటూ రండి. పెడల్ తొక్కకుండానే మోటారుతో నడిపించే థ్రాటిల్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ట్యాండెమ్‌లో, అంటే ఇద్దరూ ముందూ వెనకా కూర్చుని తొక్కే ఒకే సైకిల్‌లో, ఒకరు వెనకబడే ప్రశ్నే లేదు, అదొక్కటే దాని లాభం. లిఫ్టులో పట్టదు, మామూలు షాపులో విడిభాగాలు దొరకవు, ఒకరు ఊరెళితే రెండోవాళ్లకు ఆ రోజు సైక్లింగ్ లేనట్టే. సెలవుల్లో అద్దెకు దొరికితే సరదాగా తొక్కండి.

ఇంట్లో ఇప్పటికే ఒక సైకిల్ ఉంటే, అనుభవమున్నవాళ్లు కొత్తది కొనుక్కుని పాతది రెండోవాళ్లకు ఇవ్వడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. దాన్ని తిరగేయండి. తేలికైనది, తేలిక గేర్లు బాగా ఉన్నది, సీటు ఎత్తు సరిగ్గా కుదిరేది నెమ్మదిగా తొక్కేవాళ్లకు కొనండి. పాతదాని బరువు మోయగలిగేది బలమున్నవాళ్లే.