బూట్‌లో కీబోర్డు పలకకపోతే: పీఎస్/2, యూఎస్‌బీ, వైర్‌లెస్‌లలో ఏది మేలు?

"కీబోర్డ్ నాట్ ఫౌండ్, ప్రెస్ ఎఫ్1" అని, కంప్యూటరు బూట్ అయ్యేటప్పుడు, అంటే ఆన్ చేశాక విండోస్ వచ్చేలోపు, తెర మీద వస్తుంది. కీబోర్డే లేదంటూ ఎఫ్1 నొక్కమనడం ఏం న్యాయమో గానీ, ఆ మాట వల్ల ఒకటి తెలిసిపోతుంది. విండోస్ ఇంకా మొదలు కాలేదు కాబట్టి డ్రైవర్ల జోలికి పోనక్కర్లేదు. తేలాల్సింది బయోస్‌కీ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాముకీ) కీబోర్డుకీ మధ్యే.

ముందు నమ్‌లాక్ చూడండి. పవర్ ఆన్ చేయగానే లైట్లు ఓసారి మెరిసి ఆరితే కీబోర్డుకు కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. ఆ తర్వాత నమ్‌లాక్ నొక్కిన ప్రతిసారీ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే సిస్టమ్ దాన్ని గుర్తించినట్టే, ఎందుకంటే ఆ లైటును వెలిగించేది కీబోర్డు కాదు, కంప్యూటరు.

నమ్మకం విషయంలో గుండ్రటి ప్లగ్గు ఉండే పాత పీఎస్/2దే పైచేయి. బయోస్‌లో యూఎస్‌బీ సెట్టింగులు ఎలా ఉన్నా అది పనిచేస్తుంది. చిక్కల్లా దాని ప్లగ్గుతోనే. సిస్టమ్ ఆన్‌లో ఉండగా గుచ్చితే గుర్తించదు, కొన్ని పాత మదర్‌బోర్డుల్లో పోర్టు ఫ్యూజు కూడా పోతుంది. ఊదా రంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌస్‌కు. ఆకారం ఒకటే కావడంతో చీకట్లో తడుముకుంటూ తారుమారు చేసేస్తారు. ప్లగ్గును వెలుతురులో పెట్టి ఆరు పిన్నులూ చూడండి. ఒకటి వంగి ఉంటే అయిపోయిన రీఫిల్ వెనక గొట్టం చివరను దానికి తొడిగి మెల్లగా నిలబెట్టండి, గట్టిగా వంచితే విరుగుతుంది. ఇక ఆ చిన్న యూఎస్‌బీ–పీఎస్/2 కన్వర్టర్ పిన్ను అన్నింటికీ పనికిరాదు. రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డుకే అది పనిచేస్తుంది, అలాంటివి ఇప్పుడు అరుదు.

కొత్త మదర్‌బోర్డుల్లో చాలావాటికి పీఎస్/2 లేదు. కాబట్టి అక్కడ మామూలు వైరు యూఎస్‌బీ కీబోర్డే మేలు. ఐదువందల లోపు దొరికేది చాలు. హబ్బులో, ముందు పోర్టులో కాకుండా వెనక మదర్‌బోర్డుకే ఉన్న నల్ల పోర్టులో పెట్టండి. నీలం పోర్టు యూఎస్‌బీ 3.0ది. విండోస్ 7 సెటప్‌లో ఆ డ్రైవరు ఉండదు కాబట్టి బయోస్‌లో బాగానే పలికిన కీబోర్డు సెటప్‌లో మూగబోతుంది. రంగుల లైట్ల గేమింగ్ కీబోర్డుతో పేచీ వస్తే ఆ మోడల్‌కు "బయోస్ మోడ్" ఉందేమో చూడండి.

యూఎస్‌బీ కీబోర్డు విండోస్‌లో పనిచేస్తూ బూట్‌లో మాత్రం పలకకపోతే కారణం ఎక్కువగా బయోస్‌లోని ఈ రెండే: "లెగసీ యూఎస్‌బీ సపోర్ట్" డిజేబుల్ అయి ఉండటం, "ఫాస్ట్ బూట్" ఆన్‌లో ఉండటం. మొదటిది ఎనేబుల్ చేయండి, రెండోది తీసేయండి. బయోస్‌లోకి వెళ్లడమే కుదరకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ద్వారా యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ తెరవొచ్చు. అక్కడా కీబోర్డు పలకకపోతే మౌస్‌తో పని కానివ్వండి, చాలా కొత్త బయోస్‌లలో అది నడుస్తుంది.

డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్) ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ కీబోర్డూ చాలావరకు సరిపోతుంది, డాంగిల్ యూఎస్‌బీ కీబోర్డులానే కనిపిస్తుంది గనుక. నిద్రలో ఉన్న కీబోర్డు లేచేలోపు, బయోస్‌లోకి వెళ్లడానికి డిలీట్ కీ నొక్కాల్సిన రెండు సెకన్లూ గడిచిపోవచ్చు, అంతే తేడా. బ్లూటూత్‌ను మాత్రం ఈ పనికి నమ్మకండి. చాలా పీసీల్లో విండోస్ లేచాకే జత కలుస్తుంది.

ఏదీ పనిచేయకపోతే సీమోస్ క్లియర్, అంటే బయోస్ సెట్టింగులను మొదటికి తేవడం. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే డ్రైవ్ తెరుచుకోకపోవచ్చు. పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుని, మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి 5 నిమిషాలాగి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత కూడా కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ పాతదానికి వెళ్లిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే.