ఆరేళ్లుగా వాట్సాప్ బిజినెస్‌లో చీరలు అమ్ముతున్నాను

మాది మంగళగిరి. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి, ఊళ్లో ఇంకో నాలుగు మగ్గాలవాళ్లు మాకు నేసిస్తారు. 2019 చివర్లో వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకున్నప్పుడు మామూలు వాట్సాప్‌కీ దానికీ తేడా ఏమిటో నాకు తెలియదు. ఇవాళ మా అమ్మకాల్లో ముప్పాతిక వంతు దాని మీదే నడుస్తోంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ, డబ్బు కట్టి వేసే యాడ్లు, ఈ మధ్య ఏఐ ఫొటోలు, అన్నీ వాడి చూశాను. ఏది నిజంగా చీర అమ్మిపెట్టిందో, ఏది ఉత్త హడావిడో రాస్తున్నాను.

ముందు వాట్సాప్ బిజినెస్ సంగతి. 2018లో వచ్చిన ఈ యాప్‌లో కేటలాగ్ 2019 నవంబరులో కలిపారు. నా ప్రాణానికి అదే హాయి. అంతకుముందు అడిగిన ప్రతి ఒక్కరికీ అవే నలభై ఫొటోలు పంపేదాన్ని. చేనేతలో ఒక్కో రంగులో రెండు మూడు చీరలే ఉంటాయి కదా, వాళ్లు చూసి మనసు పడేసరికి అది అమ్ముడైపోయి ఉండేది. ఇప్పుడు కేటలాగ్ లింకు ఒక్కటి పంపి, అమ్ముడైన చీరను వెంటనే దాచేస్తాను.

ఒక్కో చాట్‌కి తగిలించుకునే గుర్తులు, అంటే లేబుళ్లను చాలామంది పట్టించుకోరు. నేను మూడే పెట్టుకున్నాను: డబ్బు రావాలి, కొరియర్ చెయ్యాలి, మగ్గం మీద ఉంది. పొద్దున్నే టీ తాగుతూ ఈ మూడూ తెరిచి చూస్తే ఆ రోజు పనేమిటో తెలిసిపోతుంది. ముందే రాసి దాచుకునే జవాబులు, క్విక్ రిప్లైలు కూడా అంతే. "మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో ఉతకండి, నీడలో ఆరేయండి" అని రోజుకి పదిసార్లు టైప్ చేసే పని తప్పింది. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకి చలికాలంలో మనతో పదకొండున్నర గంటల తేడా. వాళ్లు పనులు ముగించుకుని చీరలు చూసేవేళకి ఇక్కడ నేను వంటింట్లో ఉంటాను. "వంట అవ్వగానే పలుకుతాను, ఈలోగా కేటలాగ్ చూడండి" అని, మనం లేనప్పుడు దానంతటదే వెళ్లే మెసేజ్ (away message) పెట్టుకున్నాను. ఆ ఒక్క మాటకే వాళ్లు ఓపిగ్గా ఆగుతారు.

ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి మొదటి ఏడాది తెలియక నష్టపోయాను. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. అది సరే, మన నంబర్‌ను వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. కొత్త స్టాక్ పెట్టినా ఎవరూ పలకడం లేదేమిటా అని టెన్షన్ పడ్డాను. అప్పట్నుంచి ప్రతి పార్సిల్‌లో చిన్న కార్డు పెడుతున్నాను, "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త చీరలు ముందు మీకే చూపిస్తాం" అని. పాత కస్టమర్లు మళ్లీ రావడం ఆ కార్డుతోనే మొదలైంది.

రీల్స్ గురించి చెప్పాలి. 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. అప్పటికి లాక్‌డౌన్ దెబ్బకి మా ఇంట్లో చీరలు అలాగే పేరుకుపోయి ఉన్నాయి. మొదట అందరిలాగే సినిమా పాట పెట్టి, చీర మడత విప్పి చూపించేదాన్ని. చూసినవాళ్లు బోలెడంతమంది, కొన్నవాళ్లు వేళ్ల మీద లెక్క. ఒకరోజు తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) చాచి, అటూ ఇటూ నలుగురు నిలబడి గంజి పెడుతుంటే ఊరికే తీసి పెట్టాను. పాట లేదు, మాట లేదు, కుంచె రాసే చప్పుడే. ఆ వీడియో చూసి వచ్చినవాళ్లు ధర అడిగి మాయం కాలేదు. "ఈ పడుగుతో నేసిన చీర ఎప్పుడొస్తుంది అక్కా?" అని అడిగి, మూడు వారాలు ఆగి తీసుకున్నారు.

ఇంకో మార్పు, ధర రాసేయడం. "ధరకి మెసేజ్ చెయ్యండి" అనడం అందరికీ అలవాటు. నేనూ అదే చేశాను. ధర పక్కనే రాయడం మొదలుపెట్టాక అడిగేవాళ్లు తగ్గారు కానీ కొనేవాళ్లు పెరిగారు. రాత్రి పదకొండింటికి "హాయ్", "ప్రైస్" అనే మెసేజ్‌లకి జవాబు రాస్తూ కూర్చునే బాధ పోయింది.

ఫాలోవర్లు ఎక్కువున్న ఒకామెకి డబ్బూ, రెండు చీరలూ ఇచ్చి ప్రమోషన్ చేయించాను. వీడియో బాగానే వచ్చింది, దాన్నుంచి వచ్చిన ఆర్డర్లు రెండు. అది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన అని ఆవిడ ఎక్కడా చెప్పలేదు. అలా చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా ముందు ఆ మాట అడుగుతాను. గూగుల్‌లో యాభై ఫైవ్ స్టార్ రివ్యూలు వేయిస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే వద్దన్నాను. మా చీర కట్టుకున్నవాళ్లు రాసిన ఇరవై రివ్యూలు నాకు చాలు, వాటిలో ఒకటి రెండు తిట్లున్నా సరే.

ఏఐ ఫొటోల దగ్గర మాత్రం చాలా బాధపడ్డాను. చీర ఫొటో ఇస్తే మోడల్ కట్టుకున్నట్టు తయారుచేసే యాప్ ఒకటి వాడాను. చూడ్డానికి ఎంత బాగుందో! స్టూడియో ఖర్చు లేదు, మోడల్ ఖర్చు లేదు. మావయ్యకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "అమ్మాయ్, ఈ అంచు మనది కాదు" అన్నారు. ఫొటో పెద్దది చేసి చూశాను. మా నిజాం అంచులో గోపురాల్లాంటి చిన్న మొనలు వరసగా ఉంటాయి. ఆ యాప్ వాటిని కలిపేసి వంకీలు చేసింది, పైన ఎవరూ నేయని ఒక జరీ గీత కూడా గీసింది. ఆ ఫొటో చూసి కొన్నవాళ్లకి వేరే చీర పంపినట్టే కదా. అప్పటికే పెట్టిన నాలుగు ఫొటోలూ తీసేశాను. వివరాలు ఇంగ్లీషులో రాయించుకోవడానికి ఏఐ వాడతాను, అది బాగానే చేస్తుంది. చీర బొమ్మ జోలికి మాత్రం దాన్ని రానివ్వను.

రంగుల గొడవ కూడా అలాంటిదే. ఫోన్ కెమెరా దానంతటదే రంగు మార్చేస్తుంది. ఆవపిండి రంగు చీర నిమ్మపండులా పడితే హైదరాబాద్ నుంచి వెనక్కి వచ్చింది. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి డాబా మీద నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తున్నాను. కాగితం తెల్లగా కనిపిస్తేనే ఆ ఫొటో కేటలాగ్‌లోకి వెళ్తుంది. రంగు విషయంలో చీర వెనక్కి రావడం దాదాపు ఆగిపోయింది.

డబ్బు కట్టే యాడ్లలో నాకు కలిసొచ్చింది ఒక్కటే, నొక్కగానే నేరుగా వాట్సాప్ తెరుచుకునే రకం. దేశమంతా అని పెడితే డబ్బు నీళ్లలా పోయింది. హైదరాబాద్, బెంగళూరు, విశాఖ అని పెట్టాక మాట్లాడేవాళ్లు మన భాషలో మాట్లాడారు. బడ్జెట్ వేసుకునేటప్పుడు పైన 18 శాతం జీఎస్టీ మర్చిపోకండి. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడితే అది చూసి పార్సిల్ కట్టొద్దు, బ్యాంకు యాప్‌లో పడిందో లేదో చూసుకోండి. దొంగ స్క్రీన్‌షాట్‌తో నా ఆరు చీరలు పోయాయి.

యాడ్లు నేను ఏడాదంతా వెయ్యను. ఆషాఢం సగం దాటాక, శ్రావణానికి పదిహేను రోజుల ముందు మొదలుపెడతాను. వరలక్ష్మీ వ్రతానికి చీర కావాలనుకునే ఆవిడకి కొరియర్‌కి వారం, బ్లౌజు కుట్టించుకోవడానికి వారం ఉండాలి కదా.