గుట్ట వెనక ఇంట్లో సిగ్నల్: డాబా మీద యాంటెన్నా, ఎనిమిది నెలల అనుభవం

పోయిన వానాకాలం ఒక రాత్రి నాన్నకి ఆయాసం వచ్చింది. అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఏ మూల నుంచీ కాల్ కలవలేదు. గేటు దాటి రోడ్డు మలుపు దాకా పరిగెత్తాను. అక్కడ ఫోన్లో ఒక సిగ్నల్ గీత కనిపించాక మాట్లాడగలిగాను. నాన్న కోలుకుని ఇంటికొచ్చారు. కానీ ఆయన్ని అమ్మ చేతుల్లో వదిలేసి చీకట్లో పరిగెత్తిన ఆ ఐదారు నిమిషాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంట్లో ఫోన్ పలికేలా చేయాలని ఆ వారమే పని మొదలుపెట్టాను.

చివరికి నేను కొన్నవి రెండు: డాబా మీద బిగించే డైరెక్షనల్ (ఒక దిక్కు నుంచే సిగ్నల్‌ని ఎక్కువగా పట్టే) యాంటెన్నా, దానికి కలిపే సిమ్ వేసుకుని ఆ సిగ్నల్‌ని వైఫైగా ఇచ్చే 4జీ రౌటర్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం యాంటెన్నాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పని జరిగేదీ చెడేదీ బిగించే పద్ధతి దగ్గరే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కొనే ముందు రెండు రోజులు కొలతలు తీసుకున్నాను. స్క్రీన్ మీద గీతల్ని లెక్కపెట్టి లాభం లేదు, ఒక్కో ఫోన్ ఒక్కో రకంగా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో మైనస్ అంకెగా కనిపిస్తుంది. అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం, రెండు అంకెల మధ్య తేడాని డెసిబెల్స్‌లో చెబుతారు. ఐఫోన్లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ స్క్రీన్ వస్తుంది. 4జీలో మైనస్ 80 దగ్గరుంటే చాలా బాగున్నట్టు. మైనస్ 110 దాటితే కష్టం, 120కి వస్తే ఫోన్ ఉన్నా లేనట్టే. మా వంటగదిలో మైనస్ 118 వచ్చింది. పెరట్లో 109, డాబా మీద 101. అంటే సిగ్నల్ మా ఇంటి దాకా వస్తోంది, పైనే ఆగిపోతోంది. గుట్ట కొంత అడ్డుపడుతోంది, మిగతాది మందపాటి రాతి గోడలూ వసారా మీది రేకులూ మింగేస్తున్నాయి. రేకు లోహం కదా, దాన్ని దాటి సిగ్నల్ లోపలికి రాదు.

నా అభిప్రాయంలో మొత్తం వ్యవహారానికి ఈ కొలతే ఆయువుపట్టు. డాబా మీద కూడా ఏమీ అందకపోతే ఎంత పెద్ద యాంటెన్నా కొన్నా దండగే. యాంటెన్నా సిగ్నల్‌ని పుట్టించదు, ఉన్నదాన్ని ఒడిసిపట్టి ఇస్తుంది, అంతే.

ఫోన్ వెనక అంటించే సిగ్నల్ స్టిక్కర్ల గురించి ఒక్క ముక్క: కొనకండి. తమ్ముడు ఒకటి తెచ్చాడు. అంటించకముందు, అంటించాక అదే చోట కొలిచాం, తేడా ఏమీ లేదు.

రిపీటర్ గురించి మాత్రం బాగా ఆలోచించాను, ఎందుకంటే అందరూ ముందు చెప్పేది అదే. బయట యాంటెన్నాతో పట్టి, పెంచి, లోపల ఇంకో యాంటెన్నాతో మళ్లీ వదులుతుంది. ఏ ఫోనైనా నేరుగా పనిచేస్తుంది, అది నిజంగా పెద్ద సౌకర్యం. అయితే చాలా దేశాల్లో అనుమతి లేని రిపీటర్ పెట్టడం చట్టవిరుద్ధం. దానికి కారణం ఉంది. లోపలి యాంటెన్నా వదిలిన సిగ్నల్‌ని బయటిది మళ్లీ పట్టుకుంటే మైకు కీచుమన్నట్టు అదే చుట్టూ తిరిగి పెరుగుతుంది. ఆ రొద టవర్‌కి చేరి చుట్టుపక్కల వాళ్ల కాల్స్ కూడా చెడగొడుతుంది. మాది చిన్న ఇల్లు, రెండు యాంటెన్నాల మధ్య తగినంత ఎడం దొరకదు. నా అవసరం కోసం ఇంకొకరి ఇంట్లో అంబులెన్స్ కాల్ కలవకుండా పోతే నేను తట్టుకోలేను. ఆ దారి వదిలేశాను.

యాంటెన్నా, రౌటర్ దారిలో ఆ గొడవ లేదు. టవర్‌తో మాట్లాడేది రౌటర్ ఒక్కటే. ఇంట్లోకి వచ్చేది మామూలు వైఫై. ఫోన్లు వైఫై కాలింగ్ ద్వారా అదే నంబరుతో మాట్లాడతాయి. రౌటర్లో ఒక కంపెనీ సిమ్, ఫోన్లో ఇంకో కంపెనీ సిమ్ ఉన్నా ఫర్వాలేదు. కాబట్టి డాబా మీద ఎవరి సిగ్నల్ బాగుందో చూసి రౌటర్‌కి ఆ సిమ్ తీసుకున్నాను. ఫోన్లలో పాత నంబర్లు అలాగే ఉన్నాయి.

ఇక బిగింపు. మొదటిసారి తప్పు చేశాం. రౌటర్‌ని కింద హాల్లో పెట్టి, డాబా మీది యాంటెన్నా నుంచి 10 మీటర్ల కేబుల్ దించాం. బ్రౌజర్లో తెరుచుకునే రౌటర్ సెట్టింగ్స్ పేజీలో మైనస్ 97 అని చూపించింది. ఏమీ లేకుండా డాబా మీద వచ్చింది 101. ఇంత శ్రమకీ నాలుగు డెసిబెల్సేనా అని ఉసూరుమన్నాను. లోపం కేబుల్‌లో ఉంది. యాంటెన్నాతో ఇచ్చే సన్న కేబుల్లో, 4జీ వాడే 1800 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర మీటరుకి సుమారు అర డెసిబెల్ పోతుంది. మూడు డెసిబెల్స్ పోతే సగం సిగ్నల్ పోయినట్టు. యాంటెన్నా తెచ్చిన తొమ్మిదిలో ఐదు ఆ తీగే తినేసింది.

దాంతో రౌటర్‌ని మెట్ల పైన ఉన్న చిన్న గదిలోకి ఎక్కించాం. యాంటెన్నా కేబుల్ 3 మీటర్లకి తగ్గింది. అక్కణ్ణుంచి కింద హాల్లోకి మామూలు నెట్‌వర్క్ కేబుల్ లాగి, చివర ఇంకో వైఫై పెట్టె పెట్టాం. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, పొడవు పెంచాల్సింది దాన్నే. మైనస్ 93కి వచ్చాం. తర్వాత యాంటెన్నా బిగించిన గొట్టం ఇంకో రెండు మీటర్లు పెంచి యాంటెన్నాని చింతచెట్టు కొమ్మల పైకి తెచ్చాక 89 దగ్గర నిలిచింది. వంటగదిలో నా ఫోన్‌కి అందిన 118తో పోలిస్తే ఇది 29 డెసిబెల్స్ మెరుగు. లెక్కలో చూస్తే దాదాపు ఎనిమిది వందల రెట్లు.

దిశ చూసే పనికి ఒక పూట పట్టింది. తమ్ముడు పైన గొట్టం కొద్దికొద్దిగా తిప్పుతుంటే నేను రౌటర్ పేజీ చూస్తూ అంకెలు కేకేసి చెప్పాను. తిప్పిన ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు ఆగాలి, అంకె వెంటనే మారదు. ఇక్కడ నాకు తెలిసిన కొత్త విషయం ఎస్‌ఐఎన్‌ఆర్. సిగ్నల్ ఎంత గట్టిగా ఉంది అన్నది ఒక అంకె. చుట్టూ ఉన్న రొదలో అది ఎంత స్పష్టంగా ఉంది అన్నది ఇంకో అంకె, అదే ఎస్‌ఐఎన్‌ఆర్. యాంటెన్నాని సరిగ్గా టవర్ వైపు పెడితే ఎస్‌ఐఎన్‌ఆర్ 4 వచ్చింది. కాస్త ఎడమకి తిప్పితే బలం రెండు డెసిబెల్స్ తగ్గింది కానీ ఎస్‌ఐఎన్‌ఆర్ 11కి ఎక్కింది. అదే వరుసలో వెనక ఉన్న ఇంకో టవర్ రొద తగ్గిందన్నమాట. డౌన్‌లోడ్ స్పీడు 6 నుంచి 17 ఎంబీపీఎస్‌కి పెరిగింది. అక్కడే బిగించేశాం. మీరు కూడా బలం ఒక్కటే చూసి ఆగిపోకండి.

కనెక్టర్ల దగ్గర జాగ్రత్త. రౌటర్‌కి యాంటెన్నా కేబుల్ తగిలించే పోర్టులు ఉన్నాయో లేదో కొనకముందే చూసుకోవాలి, చిన్న రౌటర్లలో చాలావాటికి ఉండవు. 4జీ పోర్టులు ఎక్కువగా ఎస్‌ఎంఏ అనే మర బిగించే రకం. వైఫై యాంటెన్నాలవి ఆర్‌పీ ఎస్‌ఎంఏ. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మరలు కూడా పడతాయి, కానీ మధ్యలో సూది తేడా వల్ల లోపల కలవవు. యాంటెన్నాకి రెండు కేబుళ్లు ఉంటే రెండూ తగిలించాలి. 4జీ రెండు దారుల్లో డేటా తెస్తుంది, ఒకటి వదిలేస్తే స్పీడు బాగా పడిపోతుంది.

వస్తువులో నాకు నచ్చనివీ ఉన్నాయి. యాంటెన్నాతో వచ్చిన క్లాంపు రెండు వానలకే తుప్పు పట్టింది, స్టెయిన్‌లెస్ స్టీలుది వేరే కొన్నాం. పెట్టె మీద రాసిన గెయిన్ (యాంటెన్నా సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో చెప్పే) అంకెని నమ్మను, అన్ని ఫ్రీక్వెన్సీల్లో అంత రావడం అసాధ్యం. వానకి కనెక్టర్లోకి నీళ్లు దిగకుండా ఏమీ ఇవ్వలేదు. సాగదీసి చుడితే ఒకదానికొకటి అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, కేబుల్ గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలాం, నీళ్లు అక్కడే కారిపోతాయి. గొట్టానికి ఎర్తింగ్, కేబుల్‌కి సర్జ్ అరెస్టర్ (పిడుగు వల్ల ఒక్కసారిగా వచ్చే కరెంటుని మళ్లించేది) ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించాం. ఇంట్లో పెద్దవాళ్లుండగా పిడుగు విషయంలో పొదుపు చేయలేను.

వైఫై కాలింగ్‌కి ఉన్న ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోనూ సిమ్ కంపెనీ రెండూ దాన్ని ఇవ్వాలి. అమ్మ వాడే బటన్ల ఫోన్‌కి ఆ సౌకర్యం లేదు, మార్చక తప్పలేదు. కొత్త ఫోన్ అలవాటవడానికి ఆవిడకి నెల పట్టింది. మాట్లాడుతూ పెరట్లోకి నడిస్తే కొన్నిసార్లు కాల్ తెగుతుంది, అక్కడ వైఫై అందదు, టవర్ సిగ్నల్ కూడా చాలదు. కరెంటు పోతే మొత్తం ఆగిపోతుంది కాబట్టి రౌటర్‌కి ఒకటి, కింది వైఫై పెట్టెకి ఒకటి చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు పెట్టాను. మూడు గంటలు లాగుతున్నాయి. అంబులెన్స్‌కి వైఫై మీద ఫోన్ చేసినప్పుడు మనం ఎక్కడున్నామో వాళ్లకి సరిగ్గా తెలియకపోవచ్చు. అందుకే ఇంటి గుర్తులు, ఏ మలుపు దగ్గర తిరగాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ ఛార్జర్ పక్కన గోడకి అంటించాం. కంగారులో అమ్మ చూసి చదివితే చాలు.

ఒక లాభం నేను అనుకోలేదు. ఫోన్ల ఛార్జింగ్ ఇప్పుడు రోజంతా ఆగుతోంది. సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్‌ని చేరుకోడానికి తన శక్తినంతా పెట్టి అరుస్తుంది, బ్యాటరీ అలా అయిపోయేది. ఓటీపీల కోసం డాబా ఎక్కడం కూడా మానేశాం.

మొన్న పెద్ద గాలివాన తర్వాత స్పీడు సగానికి పడిపోయింది. పైకెక్కి చూస్తే గొట్టం కాస్త తిరిగి ఉంది. మళ్లీ ఒక పూట అంకెలు చూసుకుంటూ సరిచేశాం. ఈసారి గొట్టం మీద, దాని కింద గోడ మీద కలిసేలా ఎర్ర పెయింటుతో ఒక గీత గీశాను. ఇప్పుడు గాలి వీచిన ప్రతిసారీ నాన్న మెల్లగా మెట్లెక్కి వెళ్లి, ఆ రెండు గీతలూ కలిసే ఉన్నాయో లేదో చూసి వస్తున్నారు.