వట్టివేరు వాసన: గెర్లాన్ వెటివర్, కన్నౌజ్ రూహ్ ఖస్

వేసవిలో తడిపిన వట్టివేళ్ల తడికల పరిమళం ఎరిగినవాళ్లకు ఫ్రెంచ్ సెంటు గెర్లాన్ వెటివర్, ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో తీసే రూహ్ ఖస్, రెండూ దగ్గరివే, కానీ దారులు వేరు.

1828లో పారిస్‌లో మొదలైన గెర్లాన్ సంస్థకు ఝాఁ-పాల్ గెర్లాన్ కూర్చిన వెటివర్‌లో వేరు ఒక్కటే ఉండదు. మొదట నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) పులుపు. తర్వాత మిరియాలు, జాజికాయ. అడుగున పొగాకు, వట్టివేరు. దుకాణంలో అట్టముక్క మీద కొట్టి వెంటనే తేల్చేస్తే మీరు వాసన చూసింది నిమ్మనే. చర్మం మీద అరగంట ఆగండి, అసలు అందం అప్పుడే బయటపడుతుంది. జానెడు దూరం నుంచి మూడు నాలుగు స్ప్రేలు చాలు. సీసాను ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే ముందు చెడేది ఆ నిమ్మ గుణమే.

రూహ్ ఖస్ అంటే వట్టివేళ్లను డేగ్ అనే రాగి బానలో నీటితో కాచి, ఆ ఆవిరిని చల్లబరచి తీసిన తైలం. ఆల్కహాల్ ఉండదు, చందన తైలమూ కలపరు. రాగి వల్ల ముదురు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఖస్ షర్బత్‌లా మెరిసే పచ్చదనం కనిపిస్తే రంగు కలిపారని అనుమానించండి. చిక్కగా ఉంటుంది కాబట్టి గాజు పుల్ల మొనతో మణికట్టుకు ఒక్కసారి తాకిస్తే సరి. ఎక్కువైతే తడిమట్టి ఘాటు తల పట్టేస్తుంది, తెల్ల చొక్కాకు మరక అవుతుంది. నిల్వ ఉన్నకొద్దీ మెత్తబడి ఇంకా బాగుంటుంది.

ఆఫీసుకు గెర్లాన్‌దే నా ఓటు. సాయంత్రం పూట, ఇంటిపట్టున, నూలు బట్టల్లో ఉన్నప్పుడు మాత్రం రూహ్‌కు సాటి లేదు.