తోలు పనిముట్లు: ఏళ్ల వాడకంలో నిలిచినవి, మూల చేరినవి

బెల్టులు, పర్సులు, భుజాన వేసుకునే సంచులు కుట్టే చిన్న దుకాణానికి ఏం కొనాలని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: కత్తి కంటే ముందు సానపట్టే సరంజామా కొనండి. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఖరీదైనవీ వాడాను, చవకవీ వాడాను. పదును పెట్టుకోవడానికి వీలున్న పనిముట్టు, ఆ పదును నిలిచే పనిముట్టు నా బల్ల మీద ఉండిపోయాయి. తక్కినవి ఎంత అందంగా ఉన్నా మూల చేరాయి. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలన్నీ ఆ కొలతతోనే.

అర్ధచంద్రాకారపు రౌండ్ నైఫ్, అంచు ఏటవాలుగా ఉండే జపాన్ తరహా కత్తి, మొన అరిగాక విరిచి పారేసే బ్లేడు కత్తి మూడూ వాడుతున్నాను. కొలబద్ద ఆనించి తిన్నటి గీతలు కోయడానికి మూడోదే చాలు. దాన్ని తక్కువగా చూడనవసరం లేదు, కొత్త బ్లేడు పదునుకు చాలా ఖరీదైన కత్తులు కూడా సరితూగవు. మందపాటి తోలులో వంపులు తిప్పాలంటే మాత్రం రౌండ్ నైఫ్‌కు సాటి లేదు. దొర్లిస్తూ కోస్తే చేతి బలం నేరుగా అంచు మీదికి దిగుతుంది.

అసలు పరీక్ష స్కైవింగులో ఉంటుంది. మడత పడే చోట, రెండు పొరలు కలిసే చోట తోలును పలచగా చెక్కడమే స్కైవింగ్. నున్నటి గ్రానైట్ పలక మీద తోలు లోపలి వైపు పైకి పెట్టి, కత్తిని దాదాపు పడుకోబెట్టి తోయాలి. పదును సరిగా ఉంటే పలచటి పొర తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, చేతికి బరువే తెలియదు. పదును తగ్గగానే పొర ముక్కలై పొడిలా రాలుతుంది, తోలు కత్తి ముందు ముడుచుకుంటుంది. అప్పుడు బలం వాడితే తోలు చిరగడం ఖాయం. అక్కడే ఆగి, ఆకుపచ్చటి క్రోమియం ఆక్సైడ్ ముద్ద రాసిన తోలు పట్టీ మీద కత్తిని పదిసార్లు వెనక్కి లాగితే పని మళ్లీ మొదటిలా సాగుతుంది. ఎప్పుడూ వెనక్కే లాగాలి. ముందుకు తోస్తే పట్టీ కోసుకుపోతుంది, కత్తి అంచూ మొద్దుబారుతుంది. పలక మీద అంటించిన ఈ తోలు పట్టీకి నా దుకాణంలో మొదటి స్థానం ఇస్తాను. మిగిలిపోయిన ముక్కతో ఎవరైనా చేసుకోవచ్చు.

ఉక్కు సంగతి కూడా చెప్పాలి. హై స్పీడ్ స్టీలు కత్తి పదును ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది, కానీ ఒకసారి పోయాక తిరిగి తేవడానికి ఓపిక కావాలి. హై కార్బన్ ఉక్కు తొందరగా పదునెక్కుతుంది, తొందరగా తుప్పూ పడుతుంది. రోజూ పట్టీ మీద లాగే అలవాటుంటే రెండోదే మేలని నా అభిప్రాయం. నూనె గుడ్డతో తుడిచి పెట్టడం మాత్రం మానకూడదు. ఇది కత్తి కోసమే కాదు, తోలు కోసం కూడా. బెరడుతో పదును చేసిన (టానింగ్ చేసిన) తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లటి మచ్చ పడుతుంది. తోలులోని టానిన్, అంటే బెరడు వగరు, ఇనుముతో కలిసి చేసే పని అది, కరక్కాయ, అన్నభేది కలిపితే సిరా అయ్యేది కూడా ఇలాగే. లేత రంగు తోలు మీద ఆ మచ్చ పడితే ఆ ముక్కను నల్ల రంగు పనికి మళ్లించక తప్పదు.

కుట్టు కన్నాలు వేసే పళ్ల ఉలి విషయంలో డబ్బు దగ్గర వెనకాడవద్దు. చవక ఉలి కన్నం బాగానే వేస్తుంది, బయటికి రాదు. పళ్ల పక్కలు గరుకుగా ఉండటంతో తోలును పట్టుకుని పైకి లేపుతుంది, లాగేసరికి కన్నాల వరస సాగిపోతుంది. అలాంటిది చేతిలో ఉంటే పారేయకుండా, దారానికి అదే ఆకుపచ్చ ముద్ద రాసి పళ్ల సందుల్లో అటూఇటూ లాగండి, పక్కలు నునుపు తేలతాయి. తేనెమైనం ముద్దలో ఒకసారి గుచ్చి తీసినా తేడా తెలుస్తుంది. మంచి ఉలి పళ్లు మొదటి నుంచే అద్దంలా ఉంటాయి. నా దగ్గర రెండు కొలతలు చాలుతున్నాయి: పర్సులకు 3.38 మిల్లీమీటర్ల ఎడం, సంచులకూ బెల్టులకూ 3.85. రెండు పళ్లది, ఆరు పళ్లది ఉంటే వంపూ నిలువూ రెండూ కుదురుతాయి. అన్నీ ఒకే తయారీదారువి తీసుకోండి. పైన అంకె ఒకటే అయినా వేర్వేరు చోట్ల తయారైన ఉలుల పళ్ల మందం, వాలు కలవవు, కుట్టులో ఆ అతుకు కనిపించి తీరుతుంది. కొట్టడానికి ఇనుప సుత్తి పనికిరాదు, ఉలి తల పూవులా విచ్చుకుంటుంది. నైలాన్ లేదా పచ్చితోలు చుట్టిన సుత్తి, కింద పాలిథిలీన్ పలక, దాని కింద బరువైన రాయి ఉంటే ఒక్క దెబ్బకే కన్నం దిగుతుంది.

మూడు నాలుగు పొరలు కలిసిన చోట ఉలి ఒక్కటే చాలదు. పైనుంచి గుర్తు వేసుకుని ఆరెతో, అంటే కన్నం పొడిచే మొనదేలిన పనిముట్టుతో, పొడవాలి. మొన వజ్రాకారంలో ఉండే ఆరె తెచ్చుకుని దాన్ని కూడా పట్టీ మీద మెరుగు పెట్టాలి. దుకాణంలో కొన్న ఆరె ఏదీ నేరుగా పనికి వచ్చినట్టు నేను చూడలేదు.

దారాల్లో నాకు నచ్చినది జర్మనీలో తయారయ్యే రిట్జా 25. చాలామంది దాన్ని టైగర్ దారం అంటారు. మైనం పట్టించిన, అల్లిన పాలియెస్టర్ అది, కాస్త చదునుగా ఉంటుంది, కుట్టు మీద కుట్టు ఏటవాలుగా చక్కగా పడుకుంటుంది. పర్సులకు 0.6, మందపాటి పనికి 0.8 లేదా 1 మిల్లీమీటరు వాడతాను. చివర నిప్పు చూపిస్తే కరిగి మూసుకుంటుంది. నార దారం అందం వేరు, కాలం గడిచేకొద్దీ తోలుతో కలిసిపోతుంది, కానీ నిప్పుకు కరగదు కాబట్టి చివర వెనక్కి కుట్టి, జిగురు చుక్కతో ముగించాలి. సూదులు జాన్ జేమ్స్ వారివి, మొద్దు మొనవి. కన్నం ముందే ఉంటుంది కాబట్టి మొన పదునుగా ఉంటే నష్టమే, మొదట వేసిన దారంలో గుచ్చుకుపోతుంది. చేతి కుట్టుకు కుట్టే పొడవుకు దాదాపు నాలుగు రెట్లు దారం తీసుకోండి. తోలు మందంగా ఉంటే ఇంకాస్త పట్టవచ్చు.

అంచుల మెరుగుకు కావలసినవి: అంచు గుండ్రం చేసే బెవెలర్, తర్వాత 400 నుంచి 1000 వరకు ఉప్పుకాగితం, జపాన్ జిగురు టోకోనోలే, ఆపైన కొయ్యతో రుద్దడం. వస్తువు విలువ ఇక్కడే తేలుతుందని నేను నమ్ముతాను. కొనేవాళ్లు ముందు వేలు పెట్టి చూసేది అంచునే. బెవెలర్ మొద్దుబారితే తోలును కోయకుండా నలిపేస్తుంది. దాని గాడిలో సరిపోయే సన్నటి కడ్డీకి అతి నునుపైన ఉప్పుకాగితం చుట్టి లాగితే పదును తిరిగి వస్తుంది. ఈ మెరుగు అంతా బెరడుతో పదును చేసిన తోలుకే. క్రోమియం లవణాలతో పదును చేసే క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా మెరవదు, దానికి అంచు రంగు పూయడమో, మడిచి కుట్టడమో చేయాలి. అంచు రంగు పలచగా పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూయాలి. ఒకేసారి మందంగా పూస్తే మడత దగ్గర పగుళ్లు తప్పవు.

ఇక తోలు. పనిముట్ల మీద ఎంత పెట్టినా తోలు దగ్గర రాజీ పడితే అంతా వృథా. క్రోమ్ తోలు ఒకటి రెండు రోజుల్లో ఊరి తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, నీటికి తట్టుకుంటుంది. మిమోసా, చెస్ట్‌నట్, కరక్కాయ లాంటి వాటి టానిన్‌తో చేసేదానికి వారాలు, నెలలు కూడా పడతాయి. ఆకారం నిలుపుకుంటుంది, అచ్చు పడుతుంది, ఎండకు రంగు తిరుగుతుంది. బెల్టుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు, సంచికి 2 దాటి, పర్సు లోపలి అరలకు 1 లేదా అంతకన్నా తక్కువ మందం తీసుకుంటాను. కొందరు ఔన్సుల్లో చెబుతారు, ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు.

కొనేటప్పుడు తోలును మెరుపు వైపు లోపలికి వచ్చేలా మడిచి చూడండి. సన్నటి దగ్గరి గీతలు పడితే నార గట్టిగా ఉన్నట్టు. పెద్ద ముడతలు ఉబ్బెత్తుగా లేస్తే అది పొట్ట భాగం, లేదా నార వదులైన తోలు. పొట్ట భాగం నుంచి బెల్టు కోయవద్దు, ఎంత చక్కగా కుట్టినా వాడేకొద్దీ సాగి వంకర తిరుగుతుంది. వెన్ను పక్కన ఉండే వెనుక భాగం చదరపు అడుగుకు ఖరీదెక్కువ, కానీ వృథా తక్కువ. పొట్ట, కాళ్లతో సహా పూర్తి పక్క, అంటే సగం చర్మం, కొంటే లెక్కలో చవకగా కనిపిస్తుంది, కోత పూర్తయ్యాక పక్కన పెట్టిన ముక్కల కుప్ప అసలు లెక్క చెబుతుంది. తెచ్చిన తోలును మడవకుండా చుట్టి, గుడ్డ కప్పి, గాలి తగిలే చోట ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే బూజు పడుతుంది.

బక్కిళ్లకు గట్టి ఇత్తడి తప్ప ఇంకేదీ తీసుకోను. పూత వేసిన జింకు మిశ్రమం కూడా అయస్కాంతానికి అంటదు, అందుకని అయస్కాంతం పరీక్ష చాలదు. కనపడని చోట ఆకురాయితో గీస్తే లోపల తెల్లగా కనిపించేది జింకు, పచ్చగానే ఉండేది ఇత్తడి. జింకు బక్కిలు ముల్లు దగ్గర విరిగితే పాడయ్యేది మన పేరే.

మిషను గురించి చాలామంది ముందే అడుగుతారు. సంచులూ బెల్టులూ వరసగా అమ్ముడుపోతున్నప్పుడే దాని అవసరం. సూదీ, పాదమూ, కింద తోలును జరిపే పళ్లూ మూడూ కలిసి తోలును ముందుకు నడిపే రకమే కావాలి, లేకపోతే పై పొర వెనకబడుతుంది. సిలిండర్ చేయి (కుట్టే చోట బల్లకు బదులు గొట్టంలాంటి చేయి) ఉన్నది తీసుకుంటే సంచి మూల కుట్టడం సులువు. సర్వో మోటారు తప్పనిసరి, ఒక్కో కుట్టు నెమ్మదిగా వేయవచ్చు. 138 నంబరు బాండెడ్ నైలాన్ దారానికి 22 లేదా 23 నంబరు తోలు సూది సరిపోతుంది. పట్టీ భుజానికి అతికే చోట మాత్రం ఇప్పటికీ చేత్తోనే కుడతాను. మిషను కుట్టులో రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తెగితే వరస వదులవుతుంది. చేతి కుట్టులో ఒకే దారం రెండు సూదులతో ప్రతి కన్నంలోంచి రెండువైపులా వెళుతుంది, ఒక కుట్టు అరిగి తెగినా పక్కవి పట్టే ఉంటాయి.

ఒకే పెట్టెలో డజన్లకొద్దీ పనిముట్లు పెట్టి అమ్మే సెట్లు మాత్రం వద్దు. వాటిలో సూదులూ మైనమూ తప్ప ఏదీ ఎక్కువకాలం నిలవలేదు, బెవెలర్ ఉక్కు మరీ మెత్తన. ఆ డబ్బుకు ఒక మంచి ఉలి, ఒక ఆరె వస్తాయి.

చప్పుడు ఇబ్బందయ్యే చోట పనిచేసేవాళ్లకు చేత్తో నొక్కే ఒక టన్ను ఆర్బర్ ప్రెస్ గట్టిగా సిఫారసు చేస్తాను. సుత్తి దెబ్బలు లేకుండా ఉలి నిటారుగా దిగుతుంది, ప్రెస్ బటన్లూ రివెట్లూ వంకర పోవు, మణికట్టు నొప్పి ఉండదు. దాని అడుగున నైలాన్ దిమ్మె బిగించి పెట్టండి, లేకపోతే ఉలి పళ్లు ఇనుప పీఠానికి తగిలి మొన పోతుంది.