హామిల్టన్ డౌన్‌టౌన్‌లో కాండో బుక్ చేస్తున్నారా? రద్దు చేసుకోగల ఆ పది రోజులు వృథా చేసుకోకండి

కెనడాలోని ఒంటారియోలో ఉండి హామిల్టన్ డౌన్‌టౌన్ ప్రీ-కన్‌స్ట్రక్షన్ కాండోల (ఇంకా కట్టని ఫ్లాట్ల) వైపు చూస్తున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. సేల్స్ సెంటర్లో సగం మాటలు రాబోయే డౌన్‌టౌన్ గురించే: ఎల్‌ఆర్‌టీ (లైట్ రైలు) వస్తుంది, కింగ్ స్ట్రీట్ కళకళలాడుతుంది అని. అగ్రిమెంటులో మాత్రం వాటి ఊసే ఉండదు. ఆ ఎల్‌ఆర్‌టీ సంగతే చూడండి. 14 కిలోమీటర్ల లైనును 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది, 2021లో 340 కోట్ల డాలర్ల హామీతో మళ్లీ లేచింది. దాన్ని చూసి ఎక్కువ ధరకు కొన్నవాళ్లకు బిల్డరు బాధ్యుడు కాడు.

అసలు దెబ్బ క్లోజింగ్ (మిగతా సొమ్ము కట్టి ఫ్లాటు మీ పేరుకు మార్చుకునే రోజు) దగ్గర తగులుతుంది. 6 లక్షల డాలర్ల ఫ్లాటుకు 20 శాతం, అంటే 1.2 లక్షలు, ముందే కట్టారనుకోండి. మిగిలింది 4.8 లక్షలు. వీధి అనుకున్నట్టు మారక అప్రైజల్ (బ్యాంకు కోసం కట్టే విలువ) 5 లక్షలే వస్తే బ్యాంకు అందులో 80 శాతం, 4 లక్షలే ఇస్తుంది. ఇంకో 80 వేలు మీ చేతినుంచి పడాలి. పెట్టలేకపోతే డిపాజిట్ పోవడమే కాదు, బిల్డరు ఆ ఫ్లాటును తక్కువకు అమ్మి తేడా కోసం మీ మీద కోర్టుకెళ్లొచ్చు. అద్దెకివ్వడానికి కొంటే హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) రిబేటు సొమ్ము కూడా క్లోజింగ్‌లో ముందు మీరే కట్టి, తర్వాత తిరిగి తెచ్చుకోవాలి.

తాళాలు చేతికొచ్చాక, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నెలనెలా కట్టే ఆక్యుపెన్సీ ఫీజులో ఒక్క డాలరు కూడా అసలుకు జమకాదు.

వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. విదేశీయులు ఇళ్లు కొనకూడదన్న ఫెడరల్ నిషేధంలో మినహాయింపు ఉంది కదా (పర్మిట్ గడువు 183 రోజులైనా మిగిలి ఉంటే) అని సంతకం పెట్టించేస్తారు. ఒంటారియో వేసే 25 శాతం నాన్-రెసిడెంట్ పన్నుకు ఆ మినహాయింపు పనికిరాదు. భార్యాభర్తల్లో ఎవరికీ పీఆర్ (శాశ్వత నివాస హోదా) రాకుండా క్లోజింగ్ వస్తే పైన చెప్పిన ఫ్లాటుకే లక్షన్నర పన్ను.

సంతకాలైన అగ్రిమెంటు, డిస్‌క్లోజర్ స్టేట్‌మెంటు (ప్రాజెక్టు వివరాల పత్రం), కాండో కొనుగోలుదారుల గైడు మూడూ అందిన రోజు నుంచి 10 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, కాగితం మీద రాసిచ్చి. ఆ లోపే లాయరు చేత మూడు చూపించండి: డెవలప్‌మెంట్ చార్జీలకు (నగరం వేసే రుసుములకు) పైపరిమితి, అసైన్‌మెంట్ హక్కు (క్లోజింగ్‌కు ముందే అగ్రిమెంటును ఇంకొకరికి అమ్ముకునే హక్కు), టారియన్ (కొత్త ఇళ్ల వారంటీ సంస్థ) అడెండంలో, అంటే అగ్రిమెంటుకు జతచేసే పత్రంలో, బిల్డరు రద్దు చేసుకోగల షరతులు. టారియన్ డిపాజిట్ రక్షణ 20,000 డాలర్ల వరకే. ఆపై సొమ్ముకు ఏ బీమా ఉందో రాతలో అడగండి.

టవర్లు జనాన్ని తెస్తాయి, నిజమే. కానీ షాపులు నిలబడటానికి ఆ జనం చాలకపోవచ్చు. ఓ మంగళవారం రాత్రి ఏడింటికి అక్కడ నడిచి, ఇప్పటికే కట్టిన టవర్ల కింద ఎన్ని ‘ఫర్ లీజ్’ బోర్డులున్నాయో లెక్కపెట్టండి.